‘వెనక బెంచీ’ రాసిందెవరు

సామేలు చనిపోయాడని లిడియాకు ఎవరూ చెప్పలేదు. చర్చి కమిటీ మినిట్స్ టైపు చేస్తుంటే తెలిసింది.

"జోగిపేట వైపు పల్లెల సువార్తికుడు సామేలు మరణించినందున, ఆయన దరఖాస్తు మీద ఇక చర్చ అవసరం లేదని తీర్మానించడమైనది." అది ఏడో అంశం. ఎనిమిదో అంశం మందిరానికి కొత్త మైకుసెట్టు. రెండూ నాన్న చేతిరాతే.

లిడియా తండ్రి సుందరరావు తార్నాకలో ఒక పరిశోధన సంస్థలో ఆఫీసు సూపరింటెండెంటు. ముప్పై ఏళ్ళ కిందట నర్సాపురం పక్క పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. వారాసిగూడకు పోయే దారిలో ఉన్న తెలుగు చర్చికి పన్నెండేళ్ళుగా సెక్రటరీ. చత్వారం వచ్చాక, మినిట్స్ చేత్తో రాసి ఇంటికి తెచ్చేవాడు. యూనివర్సిటీలో తెలుగు పీహెచ్‌డీ చేస్తున్న కూతురు వాటిని కంప్యూటర్లో కొట్టి ఇచ్చేది.

సామేలును ఆమె కిందటి వేసవిలో చూసింది. పల్లె క్రైస్తవుల పాటలు ఆమె పరిశోధన. పాత పాటల పుస్తకాల కోసం చర్చి ఆఫీసుకు వెళ్తే, వసారాలో బెంచీ మీద తెల్లచొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద బైబిలు పెట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పొద్దున వచ్చాడట. కమిటీవాళ్ళు పిలుస్తామన్నారట. మూడు శనివారాలు వరసగా వచ్చాడు, మూడుసార్లూ పిలవలేదు. ఆ మూడు శనివారాలూ లిడియా నోటుపుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన పాటలు పాడాడు, పాటకూ పాటకూ మధ్య తన బతుకు చెప్పాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు ఏడు పల్లెలు సైకిల్ మీద తిరిగాడు. వాక్యం చెప్పాడు, రోగుల దగ్గర కూర్చున్నాడు, చచ్చినవాళ్ళకు గుంతలు తవ్వాడు. కానీ బాప్తిస్మం ఇవ్వడానికి, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచడానికి ఆయనకు హక్కు లేదు. దానికి కమిటీ సిఫారసు మీద బిషప్పు చేతులుంచి అభిషేకం చెయ్యాలి, అప్పుడే పాస్టరు. ఆయన రెండేళ్ళు కష్టపడి ఒక వాడనంతా సిద్ధం చేస్తే, పట్నం నుంచి పాస్టరు జీపులో వచ్చి అరగంటలో నీళ్ళు చల్లి వెళ్ళిపోయేవాడు. రిజిస్టరులో సంతకం పాస్టరుది.

"నా చేతుల నీళ్ళు నీళ్ళు కావా బిడ్డా?" అన్నాడు సామేలు ఒక శనివారం. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు.

లిడియా పాత మినిట్స్ ఫైళ్ళన్నీ తీసి చూసింది. తొమ్మిదేళ్ళు ఆయన ఆ అభిషేకం కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళూ ఒకటే వాక్యం: "విషయం పరిశీలనలో ఉంచడమైనది." చివరి నాలుగు ఆమె టైపు చేసినవే.

అది 2010 ఫిబ్రవరి. క్యాంపస్‌లో క్లాసులు లేవు. ఆర్ట్స్ కాలేజీ ముందు తెలంగాణ దీక్షా శిబిరాలు, ఎన్‌సీసీ గేటు దగ్గర ముళ్ళకంచెలు, గాలి అటు తిరిగితే తార్నాక ఫ్లాట్ల దాకా వచ్చే బాష్పవాయువు ఘాటు. హాస్టలు మెస్ మూసేస్తే పిల్లలు చెట్ల కింద వండుకుని తింటున్నారు. అందరూ మాట్లాడుతున్న కాలం అది. ఎవరికి ఏం అన్యాయం జరిగిందో మైకులో చెప్తున్నారు, గోడల మీద రాస్తున్నారు. సామేలు గురించి మాత్రం ఎక్కడా లేదు.

లిడియా ఒక బ్లాగు తెరిచింది. పేరు ‘వెనక బెంచీ’. రాసేవాడి పేరు ‘ఒక పాస్టరు’. సెక్రటరీ కూతురిగా రాయలేదు. పల్లె నుంచి వచ్చి పట్నం చర్చిలో పనిచేసే తెలంగాణ పాస్టరునని చెప్పుకుని, సామేలు మాట్లాడినట్టే రాసింది. ఆ యాస ఆమె చెవుల్లో ఇంకా ఉంది. "నేను జూసిన, నేను మోసిన" అని మొదలుపెడితే వేళ్ళు ఆగలేదు.

వారం తిరిగేసరికి క్యాంపస్‌లో ఆ పోస్టు ప్రింట్లు చేతులు మారాయి. "మా చర్చిల గూడ గిట్లనే అన్నా" అని ఒకరు, "నీ కాళ్ళు మొక్కుత" అని ఒకరు. లిడియా నెలకు రెండు రాసింది. మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు, తారీకులతో సహా రాసింది. సామేలు ఊరు పేరు రాసింది, ఆయన అసలు పేరే రాసింది. చనిపోయినాయనకు దాపరికం ఎందుకనుకుంది.

జూన్‌లో అనుమానాలు మొదలయ్యాయి.

ఒక పోస్టులో ఆమె, పాస్టరునైన తాను పల్లెలో మొదటిసారి ప్రభువు బల్ల పంచిన ఉదయం గురించి రాసింది. అది సామేలు చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని. ఆయన కోసమే కల్పించింది. చివర్లో "మిగిలిన ద్రాక్షరసం చుక్క పోనియ్యకుండ మళ్ళ సీసల వోసుకున్న" అని రాసింది.

మర్నాడు ‘పాత పాస్టరు’ అనే పేరుతో ఒక కామెంటు వచ్చింది: "ఆశీర్వదించిన ద్రాక్షరసం మళ్ళీ సీసాలో పోయరు. మిగిలింది పాస్టరే తాగేస్తాడు. ఇది తెలియనివాడు బల్ల దగ్గర ఒక్కసారి కూడా నిలబడలేదు. వీడు పాస్టరు కాదు."

దాని కింద నూటపది కామెంట్లు వచ్చాయి. పాస్టరు కాదు, క్యాంపస్‌లో ఎవరో విద్యార్థి నాయకుడని కొందరు, చర్చిని బజారుకీడ్చాలని బయటి మతంవాడు ఆడే నాటకమని కొందరు. మెదక్‌లో ఆ మాట అలా అనరని ఒకడు యాసలో తప్పులు పట్టాడు. "నాకెందుకో ఇది ఆంధ్రావాళ్ళెవరో మన పేరు పెట్టుకుని రాస్తున్నట్టుంది" అని ఒకతను రాస్తే అందరూ కలిసి అతన్ని తిట్టారు. అతను మళ్ళీ కనబడలేదు.

లిడియా ఆ కామెంట్లు రోజుకు పదిసార్లు చదివేది. రాసిన ఎనిమిది పోస్టుల్లో మినిట్స్ నిజం, తారీకులు నిజం, సామేలు నిజం. ఆ బల్లా, ఆ సీసా మాత్రమే అబద్ధం. అది కూడా ప్రేమతో రాసినదే. ఎవరికని చెప్పుకోవాలి?

సెప్టెంబరులో ప్రింట్లు చర్చి కమిటీ బల్ల మీదికి వచ్చాయి. బయటివాళ్ళు పాస్టరా కాదా అని వాదించుకున్నారు కానీ, కమిటీకి ఆ అనుమానం లేదు. మినిట్స్‌లో మాటలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. మీటింగులో కూర్చునేది ఆరుగురు. అందులో తెలంగాణ మనిషి ఒక్కడే, సహాయ పాస్టరు రత్నాకర్. ఊరు కూడా జోగిపేట అవతలే.

మినిట్స్ టైపు చేసేది ఎవరో ఆ బల్ల దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం సుందరరావు కాగితం తెచ్చి కూతురు ముందు పెట్టాడు. "ఇది కొంచెం అర్జెంటుగా కొట్టి పెట్టమ్మా. ఆదివారం లోపల ఇవ్వాలి."

లిడియా చదివింది. సంఘ రహస్యాలను ఇంటర్నెట్టులో బహిరంగపరచి, సహ విశ్వాసుల మధ్య ప్రాంతీయ ద్వేషం రేపినందుకు తమపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు దినాల్లో తెలుపవలెను. పైన రెవరెండ్ రత్నాకర్ పేరు ఉంది.

"ఆయనే రాశారని ఎలా తెలుసు నాన్నా?"

"ఇంకెవరు రాస్తారమ్మా?" అన్నాడు సుందరరావు, అద్దాలు తుడుచుకుంటూ. "మనవాళ్ళెవరూ రాయరు కదా."

ఆమె కూర్చుని కొట్టింది. "ద్వేషం" అన్న చోట చెయ్యి ఆగింది, మళ్ళీ కొట్టింది. ప్రింటు తీసి ఇచ్చింది. ఆయన సంతకం పెట్టి కవరులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె చర్చి వెనక క్వార్టరుకు వెళ్ళింది. రత్నాకర్‌కు ముప్పై నాలుగేళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. ప్రసంగంలో కూడా గొంతు పెంచడు. భార్య రజిని తార్నాకలోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తుంది. స్కూలుకు బయల్దేరుతున్నదల్లా లిడియా మొహం చూసి ఆగిపోయింది.

"అయ్యగారూ, వెనక బెంచీ నేనే రాశాను."

రత్నాకర్ నవ్వాడు. "నువ్వేంది లిడియమ్మ, జోక్ చేస్తున్నవా?"

ఆమె నవ్వలేదు. బెంచీ మీద మూడు శనివారాల గురించి, నోటుపుస్తకం గురించి, ద్రాక్షరసం గురించి, తను టైపు చేసిన నోటీసు గురించి చెప్పింది. చెప్తున్నకొద్దీ ఆయన నవ్వు పోయింది. కుర్చీలో కూర్చున్నాడు.

"నేను అవన్ని చదివిన" అన్నాడు. "ప్రతి ఒక్కటి చదివిన. నా లెక్కనే ఇంకొకడు ఏడనో ఉన్నడు, నోరు తెరిచిండు అనుకున్న. జెర ధైర్యమనిపించేది." ఆగి, "అయితే వాడు లేడన్నట్టు" అన్నాడు.

రజిని మాత్రం కూర్చోలేదు. "మా యాస మీకెందుకు అక్కా?" అంది. "మీకు కోపమొస్తే మీ యాసల్నే రాసుకోవచ్చు గద. మీ నాన్నను అడగాలంటే మీరే అడగొచ్చు గద, ఒక్క ఇంట్లనే ఉంటరు. మా పేరు చెప్పి మాట్లాడి, దెబ్బలు మాకు తినిపిస్తరా?"

"నేను కమిటీ ముందు చెప్తాను" అంది లిడియా.

"చెప్పు" అన్నాడు రత్నాకర్. "నమ్మరు."

ముందు నాన్నకు చెప్పింది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, తల్లి జ్యోతి వంటింట్లో ఉండగా, లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టింది. బ్లాగు లోపలి పేజీ, పాస్‌వర్డు, వేసిన పోస్టులు, వెయ్యకుండా దాచినవి అన్నీ చూపించింది. సుందరరావు అద్దాలు పెట్టుకుని ఒక్కో పోస్టూ చివరిదాకా చదివాడు. సామేలు అడిగిన నీళ్ళ మాట దగ్గర ఆగాడు. తర్వాత లాప్‌టాప్ మూత తనే మెల్లగా వేశాడు.

"రత్నాకర్ ఈ పాస్‌వర్డు నీకెందుకిచ్చాడు?" అన్నాడు.

"ఆయన ఇవ్వలేదు నాన్నా, ఇది నాదే..."

"ఆయన ఇచ్చిన సంగతి ఇంకెవరికీ చెప్పకు" అని లేచి, భోజనానికి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

తండ్రి నిజంగా అలా అనుకున్నాడో, అలా అనుకోవాలని నిర్ణయించుకున్నాడో లిడియాకు అర్థం కాలేదు.

శనివారం కమిటీ గదిలోకి పిలవకుండానే వెళ్ళింది. పెద్ద పాస్టరు జాన్సన్‌గారు, స్త్రీల సమాజం అధ్యక్షురాలు విశాలాక్షమ్మగారు, మరో ఇద్దరు పెద్దలు, చివర తండ్రి. రత్నాకర్ ఒక పక్కగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లిడియా నిలబడే చెప్పింది. తను ఏ రోజు ఏ మినిట్స్ టైపు చేసి ఏ పోస్టు రాసిందో వరసగా చెప్పింది.

"అమ్మాయీ, ఆ భాష నీకెలా వచ్చు?" అన్నారు జాన్సన్‌గారు.

"నేర్చుకున్నానండీ. నా చదువే అది."

"ఏదీ, ఒక ముక్క మాట్లాడు."

లిడియా నోరు తెరిచింది. కాగితం మీద అంత తేలిగ్గా వచ్చేది, వాళ్ళ మొహాల ముందు గొంతులోంచి రాలేదు. "నేను... నేను జూసిన..." అంది. అది ఆమె చెవులకే వేషంలా వినిపించింది. పెద్దల్లో ఒకాయన తల దించుకుని నవ్వాడు.

విశాలాక్షమ్మగారు లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "పిల్ల జాలిగుండెది సుందరరావుగారూ. అయ్యగారి కుటుంబం వీధిన పడుతుందని నెత్తిన వేసుకుంటోంది." తర్వాత గొంతు తగ్గించి, "పెళ్ళి కావలసిన పిల్ల. పెళ్ళయిన పాస్టరు తరఫున ఇలా వచ్చి మాట్లాడితే జనం ఏమనుకుంటారమ్మా?" అంది.

రత్నాకర్ చటుక్కున తలెత్తాడు. "అమ్మగారు, అట్లాంటి మాటలొద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటతో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కాదన్నందుకే ఏదో ఉందనుకున్నారు.

లిడియా తండ్రి వైపు చూసింది. ఆయన పెన్ను మూత పెట్టి, మినిట్స్ పుస్తకం మూసి కూర్చున్నాడు. ఆ రోజు జరిగింది ఎక్కడా రాయలేదు.

ఇంక మిగిలింది బ్లాగే. ఇంటికి వచ్చి అసలు సంగతి రాసింది. ఈసారి తన భాషలో రాసింది. నా పేరు లిడియా, నేను పాస్టరును కాదు, మగవాణ్ణి కాదు, మాది తెలంగాణ కాదు, రాసినవాటిలో ఆ బల్ల, సీసా తప్ప మిగతావన్నీ నిజం, రత్నాకర్‌గారికి దీనితో సంబంధం లేదు.

సాయంత్రానికి మొదటి కామెంటు వచ్చింది: "అన్న బ్లాగు హ్యాక్ చేసిండ్రు." తర్వాత గుంపుగా వచ్చాయి. "అన్న గొంతు నొక్కి ఎవరో ఆంధ్ర పిల్లతోని రాయించిండ్రు." "ఈ భాష చూడు, అన్నది కాదని చిన్నపిల్లగాడు గూడ చెప్తడు." ‘పాత పాస్టరు’ కూడా వచ్చాడు. ఇన్నాళ్ళూ ఇతను పాస్టరు కాదన్నవాడు, ఇప్పుడు, "నేను అనుమానించినందుకు క్షమించు తమ్ముడా. నిన్ను ఇంత హింస పెడుతున్నారంటే నువ్వు నిజమైనవాడివే" అని రాశాడు.

లిడియా ఒక్కొక్కరికీ జవాబు రాసింది. ప్రతి జవాబుకూ తిట్లు వచ్చాయి. మూడో రోజుకు రాయడం మానేసింది.

నవంబరులో రత్నాకర్‌ను పాస్టరు పని నుంచి తప్పించారు. విచారణ పూర్తయ్యేదాకా అన్నారు కానీ విచారణ అంటూ ఏదీ లేదు. సామాను వ్యానులోకి ఎత్తుతుంటే క్యాంపస్ నుంచి ఇరవైమంది విద్యార్థులు జెండాలతో వచ్చి, ఆయన మెడలో దండ వేశారు. "నేను రాయలే తమ్మీ, దేవుని తోడు" అన్నాడాయన. "అర్థమైంది అన్నా" అని వాళ్ళు ఇంకా గట్టిగా నినాదాలు చేశారు. రజిని వ్యాను ముందు సీట్లో, ఇంటి తాళాలు పట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది. ఎదురు వైపు నిలబడిన లిడియా రోడ్డు దాటలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. క్రిస్మస్ ముందర ఒక పొద్దున సుందరరావు కాఫీ తాగుతూ, పేపరు మీంచి తలెత్తకుండా, "మిగిలిన ద్రాక్షరసం సీసాలో పొయ్యరమ్మా" అన్నాడు. "నన్నడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

ఆయన పేజీ తిప్పాడు. జనవరిలో సెక్రటరీ పదవి మానేశాడు, చూపు ఆనడం లేదని ఉత్తరం రాసి. ఆ ఉత్తరం మాత్రం తనే చేత్తో రాసుకున్నాడు.

2012 జనవరిలో ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు సభ జరిగింది. పోస్టర్ మీద వక్తల్లో రత్నాకర్ పేరు ఉంది. పేరు కింద ‘వెనక బెంచీ’ రచయిత అని ఉంది. లిడియా వెనక చెట్టు కింద నిలబడింది. ఆయన బాగా చిక్కిపోయాడు. మైకు తీసుకుని, ఒక కాగితం విప్పి, సామేలు గురించి ఆమె రాసిన మొదటి పోస్టు చదివాడు. ఆమె రాసిన యాసలో తప్పులు ఆయన నోట్లో వాటంతట అవే సరైపోయాయి. "నా చేతుల నీళ్ళు నీళ్ళు గావా" అన్న చోట మెట్ల మీద కూర్చున్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చదవడం అయిపోయాక చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆయన కాదనలేదు.

దిగి వస్తూ ఆమెను చూశాడు. దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏడాది సంది కాదు కాదని చెప్పిన లిడియమ్మ. మా ఊర్ల ముసలోళ్ళు గూడ, భయపడి అబద్ధమాడుతున్నవు అన్నరు. పిరికోడు అనిపించుకొని బతకలేకపోయిన." తల దించుకున్నాడు. "నిన్ను అడగకుండ చేసిన."

"నేను మిమ్మల్ని అడిగి రాశానా అయ్యగారూ?" అంది లిడియా.

అంతలో ఒక ముసలామె జనాన్ని తప్పించుకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. సామేలు భార్య కాశమ్మ. ఊరి పిల్లలు, నీ మొగుని గురించి సభల చదువుతరట అంటే బస్సెక్కి వచ్చింది.

"గివన్ని మా ఆయన నీకు ఎప్పుడు చెప్పిండు కొడుకా?" అంది. "నలభై ఏండ్లు కాపురం జేసిన. నీళ్ళ మాట నాకు ఒక్కనాడు గూడ చెప్పలే."

రత్నాకర్ లిడియా వైపు ఒకసారి చూసి, "చెప్పిండమ్మ" అన్నాడు. "ఒకపారి చెప్పిండు."

"ఏడ్చిండా?"

"లేదమ్మ."

కాశమ్మ తలూపింది. అది నిజమే. సామేలు ఏడవలేదని లిడియాకు తెలుసు.

విద్యార్థులు రత్నాకర్‌ను మరోవైపు తీసుకెళ్ళారు. ముసలామెకు దారి తెలియదంటే లిడియా తార్నాక చౌరస్తా దాకా తోడు వెళ్ళింది. ఎవరి బిడ్డవని కాశమ్మ అడిగితే నాన్న పేరు చెప్పింది. తర్వాత ఆగలేకపోయింది. "అవ్వా, ఆ మాటలు ఆయన నాతో చెప్పాడు. చర్చి వసారాలో. మూడు శనివారాలు నేను పక్కన కూర్చున్నాను. నేనే రాసుకున్నాను."

కాశమ్మ ఆగి ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "నువ్వు సెక్రటరీ సారు బిడ్డవు గద?"

"అవును."

"నీకెందుకు చెప్తడు బిడ్డా?" అంది, ఏ కోపమూ లేకుండా, లిడియా చెంప నిమిరి. "పట్నం పిల్లలతోని మాట్లాడాల్నంటే సిగ్గుపడేటోడు. మావోడు గాబట్టి గా పాస్టరుకు చెప్పుకున్నడు."

సికింద్రాబాద్ బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. లిడియా ఆమె మోచెయ్యి పట్టి ఎక్కించింది. కిటికీ పక్కన చోటు దొరికింది కాశమ్మకు. బస్సు కదిలేలోపే పక్క సీటామె వైపు తిరిగి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పాస్టరు, సభ, మా ఆయన అన్న మాటలు లిడియాకు వినబడ్డాయి. తర్వాత బస్సు మెట్టుగూడ వైపు వెళ్ళిపోయింది.